బాడీ కెమెరా కొనేముందు తేల్చుకోవాల్సింది: ఆ వీడియో చూసేదెవరు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "బెంగళూరులో ఏసీ సర్వీస్ టెక్నీషియన్‌గా చేస్తున్నా అన్నా, మాది అనంతపురం. స్కూటర్ మీద రోజుకు ఆరేడు ఇళ్లు తిరుగుతా. పోయిన నెల వైట్‌ఫీల్డ్‌లో ఒక కస్టమర్, నేను చెయ్యి పెట్టాకే పీసీబీ (ఏసీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) కాలిపోయిందని కంప్లైంట్ పెట్టాడు. నేను మూత తీసేసరికే అది నల్లగా ఉంది. చూపించడానికి రుజువు లేక నా జీతంలో కోత పడింది. చొక్కాకు పెట్టుకునే కెమెరా ఒకటి కొందామని చూస్తున్నా. ఆన్‌లైన్‌లో ఒకడు 4కే అంటాడు, ఒకడు నైట్ విజన్ అంటాడు, రేట్లు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. రోజూ వాడుకోవడానికి ఏది మంచిది? రోడ్డు మీద కూడా పనికొస్తుందా?"

తమ్ముడూ, నాది మదనపల్లె. పదహారేళ్లుగా ఇక్కడ బెంగళూరులో సీసీ కెమెరాలు బిగించే పనిలో ఉన్నా. ఆరేడేళ్ల నుంచి అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాళ్లకు, గోడౌన్ల వాళ్లకు బాడీ కెమెరాలు కూడా తెప్పించి ఇస్తున్నా. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ నీలాగే "ఏ మోడల్ మంచిది?" అని మొదలుపెడతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: రేపు గొడవ జరిగితే ఆ వీడియో ఎవరికి చూపిస్తావు?

నీ విషయంలో చూసేది జడ్జి కాదు, మీ సర్వీస్ సెంటర్ మేనేజర్. ఆయన తన ఫోన్‌లో మహా అయితే రెండు నిమిషాలు చూస్తాడు. నువ్వు ముట్టుకోకముందు మెషిన్ ఎలా ఉంది, కస్టమర్ నోటితో ఏమన్నాడు, అది ఏ రోజు ఏ టైమ్. ఆయనకు కావలసింది ఈ మూడే. దీనికి 4కే అక్కర్లేదు, నైట్ విజన్ అంతకంటే అక్కర్లేదు. రోడ్డు మీద సంగతి వేరు. అక్కడ చూసేది ఇన్సూరెన్స్ వాళ్లో పోలీసులో. వాళ్లకు నంబర్ ప్లేట్ కావాలి. రెండు పనులూ ఒకే కెమెరాతో చేయిద్దామనుకునేవాళ్లు సాధారణంగా డబ్బెక్కువ పెట్టి, రెండింటికీ అంతంతమాత్రంగా పనికొచ్చేది కొంటారు.

మూడేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర జరిగింది చెప్తా. వాటర్ ట్యాంకర్ డ్రైవర్‌కీ గార్డుకీ గొడవ, చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లింది. గార్డు ఛాతీ మీద నేనిచ్చిన కెమెరానే ఉంది, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. కమిటీ వాళ్లు నన్ను పిలిచి ల్యాప్‌టాప్‌లో వేసి చూపించమన్నారు. ఇరవై రెండు నిమిషాల వీడియో. అందులో కనిపించింది ట్యాంకర్ చక్రం, గార్డు బూట్లు, సిమెంటు నేల. నూట నలభై గ్రాముల బరువుకు ఆ పల్చటి యూనిఫామ్ జేబు ముందుకు వాలిపోయి కెమెరా నేలచూపులు చూసింది. మధ్యమధ్యలో మెడలో ఐడీ కార్డు ఊగుతూ వచ్చి లెన్స్‌ను మూసేసింది. పైగా మూలన తేదీ చూస్తే 2018 జనవరి 1. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినప్పుడల్లా దాని గడియారం మొదటికి వెళ్లిపోతుంది, ఎవరూ సరిచేయలేదు. తప్పు గార్డుది కాదు, నాది. అప్పట్లో నేను స్పెసిఫికేషన్ కాగితం చూసి అమ్మేవాణ్ని, చొక్కా చూసి కాదు.

అందుకే ముందు క్లిప్ సంగతి. జేబుకు తగిలించే మామూలు క్లిప్ నీ యూనిఫామ్ టీషర్టు మీద నిలబడదు. పళ్లున్న క్లిప్ గుండీల పట్టీ మీద, రెండో గుండీ దగ్గర పడితే కొంత నయం. చొక్కా లోపల ఒక పలక, బయట కెమెరా ఉండి మధ్యలో అయస్కాంతం పట్టుకునే రకం అన్నిటికంటే స్థిరంగా ఉంటుంది. కాకపోతే ఆ అయస్కాంతం గట్టిది, ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. భుజాల మీదుగా వచ్చే బెల్టు రకం ఇంకా గట్టిగా ఉంటుంది కానీ, అది వేసుకుని ఒకరి హాల్లోకి వెళ్తే రెయిడ్‌కు వచ్చినవాడిలా కనిపిస్తావు. కస్టమర్ ముఖం అక్కడే మాడిపోతుంది.

నీ పనిలో ఇంకో చిక్కుంది. ఏసీ ఇండోర్ యూనిట్ తలపైన ఉంటుంది. నువ్వు నిచ్చెన ఎక్కి పని చేస్తుంటే ఛాతీ మీది కెమెరాకు కనిపించేది యూనిట్ కింది గోడ. గంటసేపు సున్నం గోడను రికార్డ్ చేసుకుని ఏం లాభం? కాబట్టి కెమెరాను పైకీ పక్కకీ తిప్పుకునే వీలున్న క్లిప్ ఉందో లేదో చూసుకో. దాని మీదే ఆధారపడకుండా, పని మొదలుపెట్టకముందే గది మధ్యలో ఆరడుగుల దూరాన నిలబడి ఒక వీడియో తీసుకోవడం అలవాటు చేసుకో. అదెలాగో కింద చెప్తా.

ఇప్పుడు ఆ 4కే గోల. 4కే అంటే దాదాపు 8 మెగాపిక్సెళ్ల బొమ్మ. చౌక కెమెరాల్లో 4కే అని రాసి ఉన్నవాటిలో చాలావాటి సెన్సర్ 2 మెగాపిక్సెళ్లది. ఉదాహరణకు సోనీ ఐఎంఎక్స్307 మంచి సెన్సరే, తక్కువ వెలుతురులో బాగా పనిచేస్తుంది. కానీ అది 1080పీ సెన్సర్, అంటే బొమ్మ అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. దాని బొమ్మను సాగదీసి 4కే ఫైలుగా రాస్తే ఫైలు బరువు పెరుగుతుంది, బొమ్మలో కొత్తగా వివరమేమీ చేరదు. పాలల్లో నీళ్లు కలిపి లీటర్లు పెంచినట్టు. కాబట్టి సెన్సర్ పేరు అడుగు. చెప్పలేనివాడి దగ్గర 4కే మాట నమ్మకు.

నిజమైన 1080పీతో ఎంత కనబడుతుందో ఒక లెక్క వేద్దాం. బాడీ కెమెరా లెన్స్ సాధారణంగా 120 డిగ్రీల వెడల్పు చూస్తుంది. 1920 పిక్సెళ్లను 120 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 16. టూ వీలర్ వెనక నంబర్ ప్లేట్ వెడల్పు 200 మిల్లీమీటర్లు. అయిదు మీటర్ల దూరంలో అది రెండున్నర డిగ్రీలు కూడా ఉండదు, అంటే సుమారు 35 పిక్సెళ్లు. ఒక్కో వరుసలో ఐదారు అక్షరాలుంటాయి గనుక అక్షరానికి ఆరేడు పిక్సెళ్లు. ఆగి ఉన్న బండైనా 3కీ 8కీ తేడా తెలియదు. అదే మూడు మీటర్లకు దగ్గరైతే చదవచ్చు. కారు ప్లేటు 500 మిల్లీమీటర్లు కాబట్టి అయిదు మీటర్లలో కూడా చదవడానికి వస్తుంది. 170 డిగ్రీల అల్ట్రా వైడ్ అని గొప్పగా రాస్తారే, దాంతో అక్షరాలు ఇంకా చిన్నవైపోతాయి. రోడ్డు కోసం వైడ్ ఎక్కువ కావడం మంచిదని నువ్వనుకుంటే పొరపాటే.

రాత్రి అయితే ఇంకా కష్టం. వెలుతురు తగ్గినప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకు సెకనులో ముప్పయ్యో వంతు దాకా షట్టర్ తెరిచి ఉంచుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ కాస్త సేపట్లోనే 37 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే ప్లేటు వెడల్పుకు దాదాపు రెట్టింపు. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ అలుకును అక్షరాలుగా మార్చలేదు. నైట్ విజన్ అని రాసి ఉండేది ఇన్‌ఫ్రారెడ్ లైట్ల గురించి. 850 నానోమీటర్ల ఎల్ఈడీలైతే చీకట్లో మసకగా ఎర్రగా కనిపిస్తాయి, 940వి కంటికి కనబడవు కానీ దూరం తక్కువ పోతాయి. రెండింటిలోనూ బొమ్మ నలుపు తెలుపే. ఎదుటివాడి చొక్కా ఎర్రదో పచ్చదో తేలదు. అద్దం ముందు నిలబడితే ఆ వెలుగే తిరిగొచ్చి కెమెరా కళ్లు బైర్లు కమ్ముతుంది. గోడౌన్ గార్డుకు అది అవసరం. నీకు మాత్రం అరచేతిలో పట్టే ఒక టార్చి చాలు.

రోడ్డు కోసమే కావాలనుకుంటే స్కూటర్‌కు బిగించే డ్యాష్ కెమెరా వేరే ఉంది, అది బండి కరెంటు మీద నడుస్తుంది. హెల్మెట్‌కు మాత్రం రంధ్రం చేసి ఏదీ బిగించకు. ఐఎస్ఐ గుర్తు ఇచ్చేది ఆ హెల్మెట్ ఉన్న రూపానికి, నువ్వు మార్చిన రూపానికి కాదు. కిందపడినప్పుడు ఆ బిగించిన ముక్కే తలలోకి దిగొచ్చు. 2022లో కేరళ మోటారు వాహనాల శాఖ హెల్మెట్ కెమెరాల మీద చర్యలు తీసుకుంటామని ప్రకటించింది కూడా. ఛాతీ కెమెరాతో బండి నడిపితే స్కూటర్ మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి రోడ్డు కనిపిస్తుంది. బైక్ మీద వంగితే మాత్రం స్పీడోమీటరే కనిపిస్తుంది. వానొస్తే రెయిన్‌కోటు కింద నల్లటి వీడియో. బెంగళూరులో మే నుంచి అక్టోబర్ దాకా సాయంత్రమైతే వానే కదా.

ఫోకస్ గురించి అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు, నీకు మాత్రం అదే ముఖ్యం. దాదాపు అన్ని బాడీ కెమెరాలదీ స్థిరమైన ఫోకస్. ఫోన్‌లాగా దగ్గరి వస్తువుకు సర్దుకోదు. అడుగు, అడుగున్నర అవతల నుంచి దూరం దాకా అంతా స్పష్టంగా ఉంటుంది, అంతకంటే దగ్గరికి తెస్తే మసక. టెక్నీషియన్లు సాధారణంగా పీసీబీని ఛాతీకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని "ఇదిగో సార్ కాలింది" అంటారు. వీడియోలో ఆకుపచ్చ మరక తప్ప ఏమీ ఉండదు. చేతులు చాచి పట్టుకో. టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి వెయ్యి, లేకపోతే సోల్డర్ మెరుపుకు కాలిన మచ్చ దాక్కుంటుంది. అయిదు సెకన్లు కదలకుండా ఉంచు. ఆ తర్వాత అదే దాన్ని ఫోన్‌తో దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టుకో.

నేనైతే ఇలా చేస్తా. తలుపు దగ్గరే కెమెరా ఆన్ చేసి, కస్టమర్‌కు చెప్పి, లోపలికి వెళ్లి యూనిట్‌కు ఆరడుగుల దూరంలో నిలబడి తేదీ, కంప్లైంట్ నంబర్ పైకి చదువుతా. "సమస్య ఏంటి సార్, ఎప్పట్నుంచి?" అని అడిగి ఆయన మాటల్లోనే చెప్పనిస్తా. రిమోట్‌తో ఆన్ చేసి డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ మెరుస్తుంటే అది, స్టెబిలైజర్ మీద వోల్టేజ్ రీడింగ్, ఔట్‌డోర్ మూత తీస్తున్నప్పుడు స్క్రూలతో సహా మొత్తం ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా. బల్లి దూరి బోర్డు కాలిన కేసులు నీకు నాకంటే ఎక్కువ తెలుసు. మూత తీసిన క్షణంలోనే ఆ బల్లి కెమెరాకు దొరకాలి. పని అయిపోయాక నడుస్తున్న మెషిన్‌ను, గోడ మీద గీతలు లేవని, పక్కనున్న టీవీ బాగానే ఉందని ఇంకో అయిదు నిమిషాలు తీస్తా. ముందు పది నిమిషాలు, చివర అయిదు. మధ్యలో గంటసేపు సర్వీస్ వీడియో ఎవరూ చూడరు.

ఈ పద్ధతి పెట్టుకుంటే కొనాల్సిన కెమెరాయే మారిపోతుంది చూడు. 1080పీ వీడియో సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో రాస్తే గంటకు 4.5 జీబీ. ఇంటికి పదిహేను నిమిషాల చొప్పున ఆరు ఇళ్లకు గంటన్నర, అంటే రోజుకు ఏడు జీబీ లోపే. 64 జీబీ కార్డు తొమ్మిది రోజులు వస్తుంది. బ్యాటరీ నిజంగా మూడు నాలుగు గంటలు నిలిస్తే చాలు. పన్నెండు గంటల బ్యాటరీ అంటే బరువు, బరువంటే వాలిపోయే జేబు. రోజంతా రికార్డ్ చేయాల్సింది గార్డులు, పోలీసులు. మన ట్రాఫిక్ పోలీసులు ఛాతీకి పెట్టుకునేవి ఆ కోవకు చెందినవే. వాటితో పోటీ పెట్టుకోకు.

డబ్బా మీద రాసిన బ్యాటరీ గంటలను ఎప్పుడూ తగ్గించి చదువు. అది వైఫై ఆపి, స్క్రీన్ ఆపి, ఇన్‌ఫ్రారెడ్ ఆపి, తక్కువ రిజల్యూషన్‌లో కొలిచింది. యూఎస్‌బీ-సీ చార్జింగ్ ఉండాలి, చార్జ్ అవుతూ రికార్డ్ చేయగలగాలి. స్కూటర్ డిక్కీలో ఎండకు వదిలేయకు, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిందంటే ఇక వాడకు, పక్కన పెట్టేయ్. వాన కోసం ఐపీ67 అని ఉంటే మంచిది, దుమ్ము పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని దాని అర్థం. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా నొక్కి ఉన్నప్పుడే సుమా. ఆ మూత ఊడిపోయాక ఐపీ67 స్టిక్కర్ ఒక్కటే మిగులుతుంది.

కార్డు విషయంలో పిసినారితనం వద్దు. కెమెరాలో కార్డు మీద రోజూ రాసి చెరిపి మళ్లీ రాయడమే పని కాబట్టి హై ఎండ్యూరెన్స్ అని ఉండే రకం కొను, శాండిస్క్‌లోనూ శాంసంగ్‌లోనూ ఉన్నాయి. నకిలీ కార్డులు 64 అని చూపించి ఎనిమిదో పదహారో నిండగానే పాత వీడియోలను తినేస్తాయి. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చదివించు, బండారం బయటపడుతుంది. ఫార్మాట్ మాత్రం కెమెరాలోనే చెయ్యి. వీడియో మూడేసి, అయిదేసి నిమిషాల ముక్కలుగా రావడం లోపం కాదు. పాడైతే ఒక ముక్కే పోతుంది. నిండాక పాతదాని మీద కొత్తది రాసే లూప్ పద్ధతి ఉంటుంది. గొడవ జరిగిన రోజు ఆ ముక్కను లాక్ బటన్‌తో కాపాడుకోకపోతే పదో రోజుకు అది ఉండదు.

ప్రీ రికార్డ్ అనే సదుపాయం గురించి ఒక్క మాట. గొడవ మొదలయ్యాక బటన్ నొక్కడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా. దానికి విరుగుడుగా పోలీసు రకం కెమెరాలు ఎప్పుడూ వెనకటి ముప్పై సెకన్ల బొమ్మను లోపల తిప్పుతూ ఉంచుకుని, బటన్ నొక్కగానే దాన్ని కూడా వీడియోకు ముందు అతికిస్తాయి. బాగుంటుంది కానీ బ్యాటరీ తింటుంది. తలుపు దగ్గరే ఆన్ చేసే నీకు పెద్దగా అవసరం లేదు. బటన్ మాత్రం పెద్దగా ఉండాలి. గ్లౌజు వేసుకున్న బొటనవేలికి చూడకుండా తగలాలి, నొక్కితే వణికి చెప్పాలి. ఆన్ అయిందనుకుని ఆఫ్ చేసినవాళ్లను ఎందర్నో చూశా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రోడ్డు వేరు, ఒకరి ఇల్లు వేరు. ఇంట్లో వాళ్లు వద్దంటే వద్దంతే. ముందే చెప్పి తీయి. కన్నడం రాకపోయినా ఈ ఒక్క ముక్క నేర్చుకో: "క్యామెరా ఆన్ ఇరత్తె సార్, ఏసీ మాత్ర." కెమెరా ఆన్‌లో ఉంటుంది, ఏసీని మాత్రమే తీస్తుంది అని. నా అనుభవంలో పదిమందిలో ఒకరో ఇద్దరో "యాకె?" (ఎందుకు?) అంటారు. "మీకూ మంచిదే సార్, ముందూ వెనకా రికార్డ్ ఉంటుంది" అంటే సగం మంది ఒప్పుకుంటారు. మిగతావాళ్ల దగ్గర ఆపేసి, అది తీసి టూల్ బ్యాగులో పెట్టెయ్. మూత తీసినప్పుడు వాళ్ల ఫోన్‌తోనే వాళ్లనే ఫొటో తీయమను. రుజువు వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది.

ఏసీ ఎక్కువగా ఉండేది బెడ్‌రూమ్‌లో. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు ఉంటే వాళ్లు బయటికి వెళ్లేదాకా ఆన్ చేయకు. బట్టలు మార్చుకునే చోటు, బాత్రూమ్ తలుపు వైపు లెన్స్ తిరగకూడదు. ఆడవాళ్లు ఏకాంతంలో ఉన్నప్పటి దృశ్యాలు తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. అనుమతి లేకుండా ఒకరి రహస్యాంగాల దృశ్యాలు తీయడం మీద ఐటీ చట్టం 66ఈ సెక్షన్ వేరే ఉంది. నీకు ఏ దురుద్దేశం లేకపోయినా, కార్డులో అలాంటి ముక్క ఒకటి దొరికితే నీ పీసీబీ గొడవ ఎవడూ వినడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

ఇంకోటి, ఆ కార్డులో ఉన్నవి పరాయివాళ్ల ఇళ్లు. తాళాలు ఎక్కడ పెడతారు, బీరువా ఎక్కడుంది, ఇంట్లో ఎవరెవరుంటారు, అన్నీ అందులో ఉంటాయి. కెమెరా పారేసుకుంటే అవి ఎవరి చేతికో పోతాయి. కాబట్టి కంప్యూటర్‌కు తగిలించినప్పుడు పాస్‌వర్డ్ అడిగే మోడల్ తీసుకో. చాలా చౌక మోడళ్లలో ఆ పాస్‌వర్డ్ ఆరు సున్నాలు వేసి పంపిస్తారు, కొన్న రోజే మార్చు. మీ కంపెనీ రిపేరుకు వారంటీ ఎన్నాళ్లిస్తే అన్నాళ్లు ఉంచి తర్వాత చెరిపెయ్. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, 2023 సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడుకునేవాళ్లకు వర్తించదు. కానీ నువ్వు ఉద్యోగంలో భాగంగా తీస్తున్నావు, కాబట్టి ఆ మినహాయింపు నీది అనుకోకు. మీ మేనేజర్ నుంచి "తీసుకోవచ్చు" అని ఒక మెయిల్ తెప్పించుకో. కోపం వచ్చిందని కస్టమర్ వీడియోను రీల్ చేసి పెట్టావంటే మాత్రం తప్పు అటునుంచి ఇటు తిరుగుతుంది. మారతహళ్లి, బెళ్లందూరు టెక్ పార్కుల్లో ఆఫీసు ఏసీలకు వెళ్తే సెక్యూరిటీ దగ్గరే ఆపేయమంటారు, వాదించకు. రక్షణ సంస్థల గోడల దగ్గర ఫొటోలు నిషేధం అన్న బోర్డు కనిపిస్తే బండి మీదున్నా ఆఫ్ చెయ్యి.

పెన్ కెమెరా, గుండీ కెమెరా అని దొరుకుతాయి. దాచిపెట్టి తీసేవి నీకు వద్దు. బయటపడ్డ రోజు నువ్వే దొంగవి. పైగా వాటి బ్యాటరీ గంట కూడా నిలబడదు, మైకులో చొక్కా రాపిడి తప్ప ఏమీ వినబడదు. గోప్రో, ఇన్‌స్టా360 లాంటి యాక్షన్ కెమెరాలు బొమ్మకు తిరుగులేనివి, కానీ ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే వేడెక్కుతాయి. ఆ డబ్బుకు నీ పనికి న్యాయం జరగదు. పోలీసు రకంలో తీసినవాడు కూడా చెరపలేని ఏర్పాటు, వేరేవాళ్లు ఫైలు తెరవకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఉంటాయి. వాటి సాఫ్ట్‌వేర్, డాకింగ్ స్టేషన్ (కెమెరాలను పెట్టి చార్జ్ చేసి వీడియోలు దించుకునే పెట్టె) కలిపితే అది సంస్థలు కొనాల్సిన సరుకు.

కెమెరా చూస్తేనే ఎదుటివాడు తగ్గుతాడని కొందరు అమ్ముతారు. దాని మీద ఆశ పెట్టుకోకు. అమెరికాలో కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న ఊళ్లో 2012-13లో పోలీసులకు పెట్టి చూస్తే ఫిర్యాదులు బాగా తగ్గాయి. వాషింగ్టన్ డీసీలో రెండు వేలకు పైగా పోలీసుల మీద అదే పరీక్ష చేసి 2017లో ఫలితం ప్రకటిస్తే, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మా గేట్ల దగ్గర కూడా అంతే. కొందరు స్వరం తగ్గిస్తారు, కొందరు కెమెరా చూసి ఇంకా రెచ్చిపోతారు. అలాంటివాడు తగిలితే కెమెరాను నమ్ముకుని నిలబడకు, బయటికొచ్చి 112కు ఫోన్ చెయ్యి. నీ ఒంటి మీది వీడియోను ఆ సమయంలో ఎవరూ చూడటం లేదు.

విషయం కన్స్యూమర్ కోర్టు దాకానో స్టేషన్ దాకానో వెళ్తే ఒరిజినల్ ఫైలును కత్తిరించకు, పేరు మార్చకు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిగి చిన్నదై, తీసిన టైమ్ వివరాలు పోయి వస్తుంది. పంపక తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపు. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ వచ్చింది. కాపీ ఇచ్చేటప్పుడు దాంతో సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం నువ్వు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి పొడవాటి సంఖ్య, ఒక్క ఫ్రేము మారినా అది మారిపోతుంది. గొడవ జరిగిన రోజే ఆ కార్డు తీసి, కవర్‌లో పెట్టి, తేదీ రాసి పక్కన పెట్టేసి కెమెరాలో కొత్త కార్డు వేసుకోవడం నేను మా గార్డులకు నేర్పిన పద్ధతి. ఒక కార్డు ఖర్చు కోసం ఆలోచించే రోజు కాదది.

కొనేది ఆన్‌లైన్‌లో అయినా ముందొకసారి బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డుకు వెళ్లి చేత్తో పట్టుకుని చూడు. ఆదివారం వెళ్లకు, చాలా షాపులు మూసి ఉంటాయి. నీ యూనిఫామ్ వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకుని, టూల్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్లు. తగిలించుకుని షాపులోనే వంగు, లేచి నిలబడు, స్టూల్ ఉంటే ఎక్కి పైకి చూడు. కళ్లు మూసుకుని ఆన్ చేసి ఆఫ్ చెయ్యి. షాపతన్ని నీకు రెండడుగుల దూరంలో నిలబెట్టి, బయట ఆటోల చప్పుడు ఉండగా మామూలు గొంతుతో ధర చెప్పమను. ఒక పాత బోర్డు ఇమ్మని అడిగి చేతులు చాచి పట్టుకుని అయిదు సెకన్లు తీయి. తర్వాత ఆ ముక్కను అక్కడే నీ ఫోన్‌లో వేసి చూడు, మీ మేనేజర్ చూసేది ఆ సైజులోనే కదా. బోర్డు మీద అక్షరాలు కనిపించి, అతను చెప్పిన ధర వినబడితే, ఆ ధర దగ్గర బేరం మొదలుపెట్టు.